మలక్కా తీరంలో ఒక బందరు గుమాస్తా

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం ఇవ్వవలసిందని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "నాకేం రాయడం వచ్చునండీ, ఆఫీసు నోటు తప్ప" అన్నాను. "పోనీ, ఆ ఓడ ప్రయాణం మీద ఆఫీసు నోటే రాయండి" అన్నారాయన. ఎల్.డి.సి.గా చేరి, ముప్ఫై నాలుగేళ్ళు కుర్చీ అరగదీసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన నాకు ఆ మాటతో ధైర్యం వచ్చింది. కనుక దీన్ని చరిత్ర వ్యాసమనుకున్నా సరే, కొంచెం పొడుగైన నోటు అనుకున్నా సరే. చివర నా మీద నేనే రాసుకున్న రిమార్కు కూడా ఒకటి ఉంటుంది.

పదవీ విరమణ నాడు కమ్యూట్ చేసుకున్న పెన్షను భాగం పదిహేనేళ్ళకు తిరిగి కలుస్తుందని మనందరికీ తెలుసు. నాకు 2023లో కలిసింది. ఆ పెరిగిన సొమ్ము ఏం చేద్దామని ఇంట్లో చర్చ వచ్చింది. మేడ మీద గది వేద్దామని నేను, కాశీ వెళదామని మా ఆవిడ. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి రెండూ కొట్టేశాడు. "మీ ఇద్దరూ ఇక్కడికి రండి నాన్నా. ఇక్కడినుంచి ఓడలో నాలుగు రాత్రులు తిరిగి వద్దాం. అమ్మ మోకాళ్ళకు శ్రమ ఉండదు. ఊళ్ళే మన దగ్గరికి వస్తాయి" అన్నాడు. ఆ చివరి మాటకు మా ఆవిడ మెత్తబడింది. 2024 ఫిబ్రవరిలో రెండు కేజీల బందరు లడ్డు, ఒక డబ్బా నల్ల హల్వా, ఇద్దరి మందుల సంచి పట్టుకుని బయలుదేరాము.

నేను బందరులో పుట్టిపెరిగినవాణ్ణి. సముద్రం పక్కనే పుట్టాను గాని, ఓడ ఎక్కడం డెబ్బై నాలుగో ఏట.

ఓడ మీద కాలక్షేపం

ఓడ అంటే నా మనసులో ఉన్నది పాత సినిమాలో రంగూను వెళ్ళే స్టీమరు. ఇది అలా లేదు. పదిహేను అంతస్తుల హోటలును నీళ్ళలో నిలబెట్టినట్టుంది. ఎక్కగానే అందరినీ ఒకచోట చేర్చి, ప్రమాద ఘంట మోగితే ఎటు వెళ్ళాలో చెప్పారు. మా ఆవిడ మొదటి గంటంతా అదే తలచుకుని దిగులుపడింది. రెండో గంటలో భోజనశాలలో ఒక మూల భారతీయ వంటకాల బల్ల కనిపించింది. దాని మీద పెరుగన్నం కూడా ఉండడంతో దిగులు తీరింది.

ఈ ప్రయాణంలో సుఖమేమిటంటే తొందర లేకపోవడం. సాయంత్రం ఓడ కదులుతుంది. రాత్రి మనం పడుకుంటే అది నడుస్తుంది. తెల్లవారి కిటికీ తెర తీస్తే కొత్త రేవు ఉంటుంది. ఉదయం దిగి ఊరు చూసి, సాయంత్రం లోపల తిరిగి వచ్చి, మన గదిలో మనం పడుకోవచ్చు. మలక్కా జలసంధి మలయా ద్వీపకల్పానికీ సుమత్రా దీవికీ మధ్య సుమారు 800 కిలోమీటర్ల పొడుగున ఉన్న సముద్రపు సందు. మేమున్న రోజులలో చెరువులా నిలకడగా ఉంది. రాత్రి డెక్కు మీద నిలబడి చూస్తే అటూ ఇటూ ఓడల దీపాలు వరుసగా కనిపించేవి, జాతీయ రహదారి మీద లారీలు పోతున్నట్టు.

ఈ దారి ఇంత రద్దీగా ఉండడం ఈనాటి సంగతి కాదు. మన దేశం నుంచి తూర్పుకు పోయే తెరచాప ఓడలకు నైరుతి గాలి కావాలి. చైనా నుంచి వచ్చే ఓడలకు ఈశాన్య గాలి కావాలి. ఈ రెండు గాలులూ కలిసే చోటు ఈ జలసంధి. వచ్చిన గాలితోనే తిరిగి పోవడం కుదరదు. గాలి మళ్ళేదాకా నెలల తరబడి ఆగాలి. అలా ఆగవలసి వచ్చినవాళ్ళకు సరుకు దాచుకోను గిడ్డంగి, తల దాచుకోను ఇల్లు, తగవు తీర్చను ఒక అధికారి కావాలి. ఆ అవసరంలోంచి పుట్టిన ఊరే మలక్కా.

"ఏ బందరు?"

రెండోనాడు ఉదయం మా ఓడ పోర్ట్ క్లాంగ్ అనే రేవులో ఆగింది. అక్కడినుంచి మలక్కాకు బస్సులో రెండు గంటలు పైబడి ప్రయాణం. దారి పొడుగునా ఆయిల్ పామ్ తోటలు. మా బస్సుకు గైడుగా వచ్చినాయన నుదుట విభూతి పెట్టుకున్నాడు గాని తమిళం రాదు. ఇంట్లో మాట్లాడేది మలయ్ భాష. వాళ్ళను మలక్కా చెట్టిలంటారు. ఆరు వందల ఏళ్ళుగా ఈ రేవుకు వచ్చిపోతూ, ఇక్కడి స్త్రీలను పెళ్ళాడి, ఇక్కడే స్థిరపడిన తమిళ వర్తకుల సంతతి. భాష మరిచారు, దేవుణ్ణి మరవలేదు.

"మీదే ఊరు?" అని ఇంగ్లీషులో అడిగాడాయన. "బందరు" అన్నాను. ఆయన నవ్వి, "అది సరేనండీ, ఏ బందరు?" అన్నాడు. మలయ్ భాషలో బందర్ అంటే పట్టణమట. కాసేపటికి బస్సు దిగిన చోట బోర్డు చూపించాడు. "బందర్ హిలిర్" అని ఉంది. నేను, మా ఆవిడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

బందర్ పారసీ మాట. రేవు అని అర్థం. అరబ్బు, పారసీ వర్తకుల ఓడలతో పాటు ఆ మాట కూడా సముద్రమంతా తిరిగింది. మచిలీపట్నానికి బందరు అనే వాడుక పేరు అలాగే నిలిచింది. రేవు మీద రాజుగారి తరఫున పెత్తనం చేసే అధికారిని షాబందరు అనేవారు. గోల్కొండ సుల్తానుల కాలంలో మా బందరులో షాబందరు ఉన్నాడు. అంతకు ముందే మలక్కాలోనూ ఉన్నాడు. మలక్కాలో ఒక్కరు కాదు, నలుగురు.

నలుగురు షాబందర్లు, పది మంది మదింపుదార్లు

మలక్కాను 1400 ప్రాంతంలో పరమేశ్వరుడనే రాజకుమారుడు స్థాపించాడు. సుమత్రాలోని పాలెంబాంగు వంశంవాడు. వేటకు వచ్చి ఒక చెట్టు కింద కూర్చున్నాడనీ, ఆయన కుక్కను ఒక చిన్న మూషిక జింక కాలితో తన్నిందనీ, అంత ధైర్యం గల నేల రాజధానికి తగినదని నిశ్చయించుకున్నాడనీ అక్కడి కథ. ఆ చెట్టు పేరే మెలక. మన ఉసిరి జాతి చెట్టు. హంపి కథలో కుందేలు వేటకుక్కలను తరిమిన సంగతి మనవాళ్ళకు గుర్తుకు రాక మానదు.

ఆ ఊరు నూరేళ్ళలో ఆసియాలోని పెద్ద రేవులలో ఒకటయింది. అది ఎలా నడిచిందో మనకు చెప్పినవాడు ఒక గుమాస్తా. అతని పేరు టోమే పిరెస్. పోర్చుగీసు దేశస్థుడు, మందులు తయారుచేసే వృత్తివాడు. 1512లో మలక్కా వచ్చి, అక్కడి పోర్చుగీసు వర్తకశాలలో లేఖకుడుగా, లెక్కలు చూసే ఉద్యోగిగా పనిచేశాడు. పని చేస్తూనే, ఎర్రసముద్రం నుంచి చైనా దాకా ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఏ తూకం వాడతారు, సుంకమెంత అని అన్నీ అడిగి రాసుకున్నాడు. మలక్కా వీధులలో 84 భాషలు వినిపించేవని లెక్క చెప్పాడు. తరవాత అతణ్ణి చైనాకు రాయబారిగా పంపితే, అక్కడ బందీ అయి మళ్ళీ స్వదేశం చూడలేదు. అతని రాతలో కొంత 1550లో ఇటలీలో అచ్చయింది, కర్త పేరు లేకుండా. పూర్తి ప్రతి 1937లో పారిస్‌లోని ఒక గ్రంథాలయంలో బయటపడి, 1944లో వెలుగు చూసింది. నాలుగు వందల ఏళ్ళు పెండింగులో ఉన్న ఫైలన్నమాట!

పిరెస్ రాసిన దాని ప్రకారం నలుగురు షాబందర్లలో ఒకరు గుజరాతీలకు, ఒకరు కళింగులు, బెంగాలీలు, పెగు, పసాయి వారికి, ఒకరు జావా మొదలైన దీవుల వారికి, ఒకరు చైనా, చంపా, ర్యూక్యూ దీవుల వారికి. ఓడ రాగానే సంబంధిత షాబందరు వెళ్ళి, సరుకు దింపించి, గిడ్డంగి చూపించి, పై అధికారికి పరిచయం చేయాలి. వచ్చినవాడు తన భాష తెలిసినవాడి దగ్గరకే పోతాడు. ఏ గదికి వెళ్ళాలో తెలియక వరండాలో తిరగవలసిన అవసరం లేదు.

పడమటి నుంచి వచ్చే సరుకు మీద సుంకం నూటికి ఆరు. తూర్పు నుంచి వచ్చేవారికి సుంకం లేదు, కానుకలు ఇస్తే చాలు. సరుకు విలువ కట్టేది ఒక్క అధికారి ఇష్టం మీద కాదు. పది మంది వర్తకులను పిలిచేవారు. ఐదుగురు కళింగులు, ఐదుగురు ఇతరులు. అందరి ఎదుటా మదింపు జరిగేది. మదింపులో వర్తకుడు మోసపోకూడదనీ, అధికారికి చేతివాటం ఉండకూడదనీ ఈ ఏర్పాటు. పని కూడా తొందరగా తెమిలేది. ఎందుకంటే గాలి ఎవరికోసమూ ఆగదు.

ఇక్కడ కళింగులు అన్న మాట గురించి ఒక మనవి. మలయ్ భాషలో కెలింగ్ అనే మాట కళింగ నుంచి వచ్చింది. కోరమాండల్ తీరం నుంచి వచ్చేవాళ్ళందరినీ ఆ మాటతోనే పిలిచేవారు. వారిలో ఎక్కువమంది తమిళులే, పులికాట్ రేవు నుంచి వచ్చినవారు. తరవాతి కాలంలో ఆ మాట చులకన పలుకుగా మారి, ఇప్పుడు ఎవరినైనా అలా పిలిస్తే నొచ్చుకుంటారు. కాని ఆనాడు ఆ పేరుతో పిలవబడినవాళ్ళు తెచ్చిన సరుకు మన నేతగాళ్ళ బట్ట. ఆ బట్ట ఇస్తే దీవుల నుంచి లవంగాలు, జాజికాయ, జాపత్రి వచ్చేవి. ఏ ఊరి మగ్గం మీదో నేసిన బట్ట, పేరు తెలియని దీవిలో లవంగాల బస్తాకు వెల కట్టేది.

కోట మిగిలింది, ఓడలు పోయాయి

1511 ఆగస్టులో అఫోన్సో ద అల్బుకెర్క్ అనే పోర్చుగీసు సేనాని మలక్కాను గెలిచాడు. వెంటనే నది ఒడ్డున పెద్ద రాతికోట కట్టించాడు. సుగంధ ద్రవ్యాల తాళంచెవి చేతికి వచ్చిందనుకున్నారు వాళ్ళు. కాని రేవు ఖజానా పెట్టె కాదు, తాళం వేసి దాచుకోవడానికి. ముస్లిం వర్తకులు అచే, జొహోర్, బాంటెన్ రేవుల దారి పట్టారు. సముద్రం మీద తిరగాలంటే తమ అనుమతి పత్రం కొనుక్కోవాలన్నారు పోర్చుగీసువారు. కోట అధికారులు స్వంత వ్యాపారాలకు దిగారు. ఓడవాడు ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. చుక్కాని తిప్పుకున్నాడు, అంతే.

ఆ మార్పు కాలంలో నైనా చట్టు అనే కళింగ వర్తకుడి కథ నన్ను బాధపెట్టింది. అతడు పోర్చుగీసువారికి సాయపడ్డాడు. వారు అతనికి బెండహారా అనే పెద్ద పదవి ఇచ్చారు. 1514లో ఆ పదవి తీసి వేరొక రాజుకు ఇవ్వజూపినప్పుడు, సుగంధపు కట్టెలతో చితి పేర్పించుకుని అందులోకి నడిచిపోయాడని పోర్చుగీసు చరిత్రకారులు రాశారు. అతని తప్పొప్పుల జోలికి నేను పోను. కుర్చీయే తాననుకున్నవాడికి కుర్చీ పోతే ఏమవుతుందో, పదవీ విరమణ చేసిన మనం కొంత ఊహించగలం.

1641లో డచ్చివారు మలక్కాను పట్టుకున్నారు. వారి ప్రధాన స్థావరం బటేవియా కనుక దీన్ని ఎదగనివ్వలేదు. వారి ఎర్రరంగు కచేరీ భవనం, 1753లో పూర్తయిన చర్చి ఇప్పటికీ ఊరి నడిబొడ్డున ఉన్నాయి. తరవాత ఇంగ్లీషువారు వచ్చారు. మలక్కాను తిరిగి డచ్చివారికి అప్పగించవలసి వస్తే బలమైన కోట వారి చేతిలో పడకూడదని 1807లో కోటను మందుపెట్టి పేల్చివేయించారు. ఆ పని చేయించిన అధికారి విలియం ఫార్క్వార్. 1808లో అక్కడికి వచ్చిన స్టాంఫర్డ్ రాఫిల్స్ అనే చిన్న ఉద్యోగి, ఊరిని పాడుపెట్టవద్దని పై అధికారులకు నివేదిక రాశాడు. ఊరు దక్కింది. కోటలో ఒక్క ద్వారం మాత్రం మిగిలింది.

ఆ ద్వారం దగ్గర నిలబడ్డాను. పైన డచ్చి కంపెనీ ముద్ర, 1670 అని అంకె. ఒకప్పుడు దాని చేరువకు సముద్రం వచ్చేది. ఇప్పుడు సముద్రం కనిపించదు. మేట వేసిన చోట మట్టి పోసి నేల పెంచారు. దాని మీద దుకాణాలు, కార్ల వరుసలు. వెనక గుట్ట మీద పాత చర్చి గోడలకు డచ్చివారి సమాధి రాళ్ళు ఆనించి ఉన్నాయి. రాతి మీద చెక్కిన కుటుంబ చిహ్నాలు, కిరీటాలు, పడగలు. మా ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసి, "ఏమండీ, ఇవి మన డచ్చి శ్మశానంలో రాళ్ళలా లేవూ?" అంది.

నిజమే. బందరులో డచ్చివారు 1605లో వర్తకశాల పెట్టారు. 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. 1669లో ఫ్రెంచివారు. గోల్కొండ రాజ్యానికి బందరే సముద్రపు వాకిలి. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరాన లంగరు వేస్తే పడవలలో సరుకు చేరవేసేవారు. మా చుట్టుపక్కల అద్దిన కలంకారీ బట్ట పారసీక దేశం దాకా పోయింది. 1687లో గోల్కొండ పడిపోయింది. వ్యాపారం మద్రాసు వైపు జరిగింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1933లో విశాఖ రేవు తెరిచాక పెద్ద ఓడలకు బందరుతో పని తగ్గిపోయింది. మా చిన్నతనంలో పెద్దవాళ్ళు "బందరును ఉప్పెన ముంచింది" అనేవారు. నేనూ అదే నమ్మాను. మలక్కాకు అలాంటి ఉప్పెన రాలేదు. అయినా అదే గతి పట్టింది. ఉప్పెన ఒక్క రాత్రి పని. ఓడలు మళ్ళిపోవడం ఎన్నో ఏళ్ళుగా, చప్పుడు లేకుండా జరుగుతుంది.

తిరుగుదారిలో ఒక పాత వీధికి తీసుకువెళ్ళాడు గైడు. 1748 నాటి కెలింగ్ మసీదు, 1781లో చెట్టిలు కట్టించిన వినాయకుడి గుడి, అంతకన్నా పాత చైనీయుల ఆలయం, మూడూ ఒకే వరుసలో దగ్గర దగ్గరగా. సుల్తాను పోయాడు, మూడు దొరతనాలు పోయాయి. గాలి కోసం ఆగినవాళ్ళు కట్టుకున్న గుళ్ళు మాత్రం దీపధూపాలతో ఉన్నాయి. మా ఆవిడ వినాయకుడికి దండం పెట్టుకుని, నా చేత బలవంతాన పెట్టించింది.

పినాంగులో ఒక ఇంటిపేరు

మూడోనాడు పినాంగు. ఇక్కడ ఓడ ఊరి నడుమకే వచ్చి ఆగుతుంది. దిగి నడిస్తే చాలు. 1786 ఆగస్టులో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషు నావికుడు ఈ దీవిని ఈస్టిండియా కంపెనీ పేర స్వాధీనం చేసుకున్నాడు. అడవి కొట్టడానికి కూలీలు ముందుకు రాకపోతే, ఫిరంగిలో వెండి నాణేలు కూరి అడవిలోకి పేల్చాడనీ, వాటి కోసం జనం చెట్లు నరుక్కుంటూ పోయారనీ ఒక కథ. అది నిజమో కాదో గాని, ఆయన చేసిన అసలు తంత్రం వేరు. మొదట సుంకం ఎత్తివేశాడు. నాణేలకన్నా అది బాగా పనిచేసింది. మలక్కాలో ఆగే ఓడలు ఇటు మళ్ళాయి. ఈ రెండు ఊళ్ళనూ కలిపి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1801లో నెలకొన్న కపితాన్ కెలింగ్ మసీదు, దానికి దగ్గరలోనే 1833 నాటి మారియమ్మన్ గుడి చూశాము. గుడి అరుగు మీద మా ఆవిడ మోకాలు పట్టుకుని కూర్చుంటే, ఒక పెద్దమనిషి మా మాటలు విని, "తెలుగువాళ్ళా బాబూ?" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి తోట కూలీగా వచ్చాడట. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎందరో ఇలా మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు వచ్చారు. వారే 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు.

మాటల మీద ఇంటిపేరు అడిగాను. ఆయన ఒక పేరు చెప్పాడు. అలాంటి ఇంటిపేరు నేనెప్పుడూ వినలేదు. ఆయన నవ్వాడు. "మా తాత దిగినప్పుడు రేవు గుమాస్తా ఊరి పేరును ఇంటిపేరుగా, అది కూడా తప్పుగా రాశాడంట. మార్చమంటే, ఒకసారి రాసింది రాసిందే అన్నాడంట. మూడు తరాలుగా ఆ తప్పే మోస్తున్నాం."

ఆయన సరదాగానే చెప్పాడు. నేను మాత్రం ఆ రోజు మరి ఎక్కువ మాట్లాడలేదు.

డెక్కు మీద చెప్పిన మాట

నాలుగోనాడంతా సముద్రం మీదే. సాయంత్రం డెక్కు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాము. "నిన్నటినుంచి అదోలా ఉన్నారు, ఏమయింది?" అని అడిగింది మా ఆవిడ. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. అదే ఇక్కడ మీకూ మనవి చేస్తున్నాను. ఆఫీసు పేరు ఎందుకు లెండి, తప్పు ఆఫీసుది కాదు.

1983లో పెడన నుంచి ఒక చిన్న కలంకారీ వ్యాపారి ఒక ధ్రువపత్రం కోసం అర్జీ పెట్టుకున్నాడు. ఆ ఫైలు నా సీటుకు వచ్చింది. అర్జీలో ఒక గడి ఖాళీగా ఉంది. రూలు ప్రకారం కొర్రీ రాసి వెనక్కు పంపాను. అతడు వేరే గడి పూరించి తెచ్చాడు. మళ్ళీ కొర్రీ రాశాను. మూడుసార్లు తిరిగాడు. ఏడు వారాలు గడిచాయి. నేను అతని దగ్గర ఒక్క పైసా ఆశించలేదు. కాఫీ కూడా తాగలేదు. ఆ గర్వం కూడా ఉండేది నాకు. నాలుగోసారి వచ్చి, "ఆ ఆర్డరు పోయిందండీ, ఇక కాయితం అక్కర్లేదు. తమకు శ్రమ ఇచ్చాను" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. ఫిర్యాదు చేయలేదు. కొన్నాళ్ళకు అతను ఆ వ్యాపారం మానేసి వేరే ఊరు పోయాడని తెలిసింది.

ఫైలు తీసి చూస్తే నాలో ఎవరూ తప్పు పట్టలేరు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. కాని అతను నా బల్ల ముందు నిలబడ్డ మొదటి రోజునే, "ఈ గడి ఇలా నింపు నాయనా" అని వేలుపెట్టి చూపిస్తే రెండు నిమిషాల పని. కాగితాన్ని చూశాను గాని మనిషిని చూడలేదు. అతనికీ ఒక గాలి ఉందనీ, అది మళ్ళేలోగా పని తెమలాలనీ నాకు తట్టలేదు.

మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "అతని పేరు గుర్తుందా?" అంది. గుర్తుంది. "అయితే ఇంకా మరవలేదన్నమాట. అదే మేలు" అంది. తప్పు పోయిందని మాత్రం అనలేదు. మా ఆవిడ అలా అనే మనిషి కాదు.

మళ్ళీ సింగపూరు

మరునాడు తెల్లవారి సింగపూరు చేరాము. ఈ ఊరి ఆధునిక రేవు కథ 1819తో మొదలవుతుంది. మలక్కాను కాపాడుతూ నివేదిక రాసిన ఆ రాఫిల్సే ఇక్కడ రేవు పెట్టాడు. కోటను పేల్చిన ఆ ఫార్క్వారే ఇక్కడ మొదటి రెసిడెంటు. రాఫిల్స్ పట్టుదల ఒక్కటే, సుంకం ఉండకూడదని. ఫార్క్వారు మలక్కాలో ఎన్నో ఏళ్ళు ఉన్నవాడు, జనం ఎరిగినవాడు. ఆయన మాట నమ్మి మలక్కా వర్తకులు సింగపూరు వచ్చేశారు. అంటే మలక్కాకు మిగిలిన కాస్త వ్యాపారమూ అలా వెళ్ళిపోయింది. ఇందులో అంతా మంచే అని చెప్పను. సుంకం లేని ఊరికి ఖర్చులు గడవాలి కదా. నల్లమందు, సారా, జూదం పాటలు పాడించి ఆ సొమ్ముతో కచేరీ నడిపారు. ఒక తలుపు తెరిచి ఇంకో తలుపు దగ్గర వసూలు చేశారన్నమాట. రోడ్లు, భవనాలు కట్టిన వారిలో మన దేశం నుంచి పంపిన ఖైదీలూ ఉన్నారు. చరిత్ర రాసేటప్పుడు ఆ జమాఖర్చు కూడా చూపించాలి.

ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం మనవణ్ణి వెంటబెట్టుకుని బందరు సముద్రతీరానికి వెళ్ళాను. మా ఊళ్ళో కొత్త రేవుకు 2023 మే నెలలో పనులు మొదలుపెట్టారు. రాళ్ళ గట్లు, లోతు తవ్వకాలు అన్నీ అవసరమే. కాని ఆ రేవులో ఒక బల్ల ఉంటుంది. దాని వెనక ఇప్పటి పద్ధతిలో కంప్యూటరు పెట్టుకుని ఒక కుర్రవాడో అమ్మాయో కూర్చుంటారు. బందరు మళ్ళీ బందరు అవుతుందా లేదా అన్నది ఆ బల్ల దగ్గర కూడా తేలుతుంది. మన సభ్యుల పిల్లలలో, మనవలలో అలాంటి ఉద్యోగాలకు పోయేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఈ ముసలి గుమాస్తా మాటగా ఒక్కటి చెప్పండి. గడి ఖాళీగా ఉంటే కొర్రీ రాయకండి, పెన్ను చేతికిచ్చి చూపించండి.

ఓడ ప్రయాణం చేయదలచిన మిత్రులకు రెండు మాటలు. మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి, పెద్ద సామానులో వేయకండి. ప్రయాణ బీమా మరవవద్దు. రేవులో దిగేటప్పుడు ఓడ బయలుదేరే వేళ చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఓడ కూడా గాలిలాగే, ఎవరికోసమూ ఆగదు. వీలైతే జీవిత భాగస్వామితో వెళ్ళండి. ఎన్నాళ్ళుగానో చెప్పుకోని మాటలు చెప్పుకోవడానికి సముద్రం మీద బోలెడు తీరిక దొరుకుతుంది.

సెలవు.